మంజూరు 300, చేరింది 11: ఇంటి వైఫైపై శ్వేతపత్రం

ఢిల్లీలో రూపాయి విడుదలైతే ఊళ్లో మనిషికి అందేది 15 పైసలేనని రాజీవ్ గాంధీ ప్రధానిగా ఉండగా అన్నారు. ఆ లెక్కన చూస్తే ఢిల్లీ చాలా నయం. మన ఇళ్లలో వైఫై పరిపాలన అంతకన్నా అధ్వానం. నెలనెలా డబ్బు కట్టి 300 ఎంబీపీఎస్ (సెకనుకు ఇన్ని మెగాబిట్లు అనే నెట్ వేగం లెక్క) మంజూరు చేయించుకుంటాం. వెనక పడకగదిలో మంచం మీద వాలిన లబ్ధిదారుడి ఫోనుకు చేరేది 11. శాతంలో చెప్పాలంటే నాలుగు కూడా లేదు. మిగతా 289 ఎవరు మింగినట్టు?

ఇంత పెద్ద కుంభకోణం బయటపడగానే ఇంట్లో అరుదైన ఏకాభిప్రాయం కుదురుతుంది: తప్పు కంపెనీవాడిది. నాన్నగారు కస్టమర్ కేర్‌కు ఫోన్ కొడతారు. "ఓసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా సార్?" అంటుంది అటునుంచి ఓ గొంతు. చేస్తారు. రెండు రోజులు బాగుంటుంది. మూడో రోజు అమ్మ సీరియల్‌లో కీలక సన్నివేశం దగ్గర మళ్లీ చక్రం గిరగిరా తిరుగుతుంది. చివరికి వచ్చే తీర్మానం ఏమిటయ్యా అంటే, 500 ప్లానుకు మారిపోదామని. నిధులు దారిలో మాయమవుతుంటే బడ్జెట్ పెంచడమన్నమాట. ఇదే పని ప్రభుత్వం చేస్తే టీ కొట్టు దగ్గర ఎంత మాటంటామో చెప్పక్కర్లేదు.

కావున ప్రజాప్రయోజనార్థం ఈ శ్వేతపత్రం. వీధి స్తంభం దగ్గర బయల్దేరిన 300 ఎంబీపీఎస్ ఏ అంచెలో, ఎవరి హయాంలో, ఎంతెంత పక్కదారి పట్టిందో కుటుంబ రాజకీయాలకు అతీతంగా ఇందులో నమోదు చేయడమైనది.

ముందుగా లెక్కల శాఖ అభ్యంతరం. ప్లాన్ బిట్లలో అమ్ముతారు, డౌన్‌లోడ్ బైట్లలో కనిపిస్తుంది. బైటుకు ఎనిమిది బిట్లు. అంటే 300 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 37.5 మెగాబైట్లు. "300 కడితే 37 వస్తోంది, దోపిడీ" అని వాట్సాప్ గ్రూపులో పెట్టినవారి ఫిర్యాదును ఇక్కడితో మూసివేయడమైనది. వారికి పైసా తగ్గకుండా అందుతోంది. అభినందనలు.

ఇక సాక్షుల విచారణ. స్పీడ్ టెస్ట్ అనే సాక్షిని మంచం మీద పడుకుని, వైఫైలో, మధ్యలో రెండు గోడలు పెట్టుకుని విచారించి, ఆ వాంగ్మూలాన్ని కంపెనీ మీద ప్రయోగించడం మన ఆనవాయితీ. సాక్షిని వరసగా పిలవాలి. మొదట ల్యాప్‌టాప్‌కు ల్యాన్ కేబుల్ గుచ్చి, ఇంట్లోకి ఫైబర్ వచ్చే డబ్బాకే నేరుగా తగిలించి కొలవాలి. ఆఫీసు వీపీఎన్ ఆపేయాలి, మిగతా ఫోన్లలో వైఫై తీసేయాలి. తర్వాత రౌటర్‌కు రెండు మీటర్ల దూరంలో నిలబడి 5 గిగాహెర్ట్జ్ వైఫైలో (రౌటర్ ఇచ్చే రెండు బ్యాండ్లలో వేగమైనది, రెండోది 2.4) కొలవాలి. ఆ తర్వాతే వెనక పడకగది. కేబుల్‌లో 290 వచ్చి, రౌటర్ ముందు 280 వచ్చి, పడకగదిలో 11 వచ్చిందంటే కేంద్రం నిధులు పూర్తిగా విడుదల చేసినట్టే. దొంగ ఇంట్లోనే ఉన్నాడు. కేబుల్‌లోనే 40 వస్తే అప్పుడు ఫోన్ చేయండి, గొంతు పెంచండి, హక్కుంది.

ఇదే పరీక్ష పొద్దున ఏడింటికోసారి, రాత్రి తొమ్మిదింటికోసారి చేయాలి. స్పీడ్ టెస్టు సర్వర్ చాలాసార్లు మన కంపెనీవాడి ప్రాంగణంలోనే ఉంటుంది. సొంత శాఖ సొంత ఖర్చుతో చేయించుకున్న సర్వేలో ప్రజా సంతృప్తి 98 శాతం వచ్చినట్టు, అక్కడ 300 నిండుగా కనబడుతుంది. అందుకే టెస్టులో సర్వర్ మార్చి వేరే కంపెనీదో, వేరే నగరానిదో ఎంచుకుని మరోసారి చూడాలి. పొద్దున బాగుండి రాత్రి మాత్రమే పడిపోతుంటే వీధిలో రద్దీ. ఒక ఫైబర్ పోర్టులోంచి వచ్చే 2.5 గిగాబిట్లను స్ప్లిట్టర్ పెట్టి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. ఆ పైన కంపెనీ కొనుక్కున్న లైను సరిపోకపోయినా ఇదే కథ. ఆ నేరం మాత్రం నిస్సందేహంగా పైవాళ్లది.

ఫైబర్ వచ్చి చేరే ఆ తెల్ల డబ్బాను ఇంట్లో మోడెం అంటారు, లైన్‌మన్ ఓఎన్‌టీ అంటాడు. దాని మీద లాస్ అనే దీపం ఎర్రగా వెలిగిందంటే వెలుతురు రావడం లేదని అర్థం. ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా తెగిన తీగ అతుక్కోదు. పాన్ దీపం ఆగకుండా మిణుకుమంటుంటే కూడా అంతే. కాస్త ఓపికున్నవారు బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి (కొన్ని డబ్బాలకు ఈ నంబరు వేరుగా ఉంటుంది, అడుగున స్టిక్కర్ మీద చూడండి) లోపల ఆప్టికల్ పవర్, అంటే అందుతున్న వెలుతురు బలం, ఎంతుందో చదవొచ్చు. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే ఆరోగ్యం బాగున్నట్టు. మైనస్ 27 దగ్గర ఊగుతుంటే లైను తరచూ తెగి అతుక్కుంటూ ఉంటుంది. కారణం సాధారణంగా మంచం కాలి కింద నలిగిన తీగో, మిగిలిన తీగను చెయ్యి గాజు కన్నా చిన్న చుట్టగా చుట్టి మేకుకు తగిలించిన పనితనమో అయి ఉంటుంది. ఫైబర్‌ను మూడు సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా గట్టిగా వంచితే వెలుతురు మలుపులోనే బయటికి కారిపోతుంది. కొసను ఊడదీసి కంటి దగ్గర పెట్టి "వెలుగుతోందా" అని చూడబోయే పెద్దలకు మనవి: అది కంటికి కనబడని కాంతి, కంటికి మంచిది కాదు.

ఇక్కడిదాకా బాగానే ఉందనుకుందాం. ఇప్పుడు అసలు అవకతవకలు.

స్పీడ్ టెస్టులో 94 అనే అంకె కనబడితే దాన్ని వేలిముద్రలా భద్రపరచండి. 93, 94, 95, ఎన్నిసార్లు కొలిచినా అంతే, ఒక్కటి కూడా పెరగదు. 300 ప్లానులో 94 వస్తోందంటే గాలి తప్పు కాదు, వీధి తప్పు కాదు, దారిలో ఎక్కడో ఒక 100 ఎంబీపీఎస్ తూము ఉన్నట్టు. మిగతా ఆరు ఎంబీపీఎస్, డేటా ప్యాకెట్ల మీద చిరునామాలు రాసుకోవడానికి పోతుంది. తూము మూడుచోట్ల ఉండొచ్చు. ఒకటి, రౌటర్‌దే. పెట్టె మీద 300 ఎంబీపీఎస్ అని పెద్దక్షరాల్లో రాసిన చవక రౌటర్లు చాలావాటికి వెనక ఉండే పోర్టులు వందవే. ఆ 300 గాలిలో, సిద్ధాంతంలో, 40 మెగాహెర్ట్జ్ వెడల్పు పెట్టుకుని, రెండు యాంటెన్నాలతో సాధ్యమయ్యే గరిష్ఠ లంకె వేగం, అంటే రౌటర్‌కూ ఫోనుకూ మధ్య గాలిలో కుదిరే ఒప్పందం. ఒక యాంటెన్నా ఉన్న ఫోను 20 మెగాహెర్ట్జ్‌లో దానికి కలిస్తే దక్కే లంకె 72, అందులో చేతికొచ్చేది నలభై, యాభై. ఎన్నికల మేనిఫెస్టోకూ బడ్జెట్ పత్రానికీ ఉన్న దూరమే ఇది. రెండు, ల్యాప్‌టాప్ పాతదై దాని పోర్టే వందది కావడం. మూడోదే అసలు రసవత్తరమైనది: కేబుల్ కొసన ఉన్న జాక్.

ఆ ప్లాస్టిక్ జాక్‌ను కిటికీ దగ్గరికి తెచ్చి వెలుతురుకు పెట్టి చూడండి. లోపల ఎనిమిది సన్నని తీగలు బారులు తీరి ఉండాలి. క్లిప్పు వెనక్కి ఉండేట్టు పట్టుకుంటే ఎడమ నుంచి వరస ఇది: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. ఎనిమిదీ కొసదాకా వెళ్లి బంగారు రంగు పళ్ల కింద కూర్చుని ఉండాలి. వంద ఎంబీపీఎస్‌కు ఇందులో నాలుగే చాలు: 1, 2, 3, 6. నీలం జత, గోధుమ జత జీతం తీసుకుంటూ ఖాళీగా కూర్చుంటాయి. గిగాబిట్‌కు మాత్రం ఎనిమిదీ పనిచేయాలి. అందులో గోధుమ తీగ ఒక్కటి అర మిల్లీమీటరు కురచై పంటికి అందలేదనుకోండి, చాలా పరికరాలు చప్పుడు చేయకుండా వందకు దిగిపోతాయి. ఏ దీపమూ ఎర్రబడదు, ఏ హెచ్చరికా రాదు, నెట్ వస్తూనే ఉంటుంది. కొన్నిచోట్ల పొదుపు పాటించే లైన్‌మన్లు ఒకే కేబుల్‌లోని నాలుగు తీగలు మీకు, నాలుగు తీగలు పై అంతస్తువాళ్లకు కేటాయిస్తారు. సామాజిక న్యాయం దృష్ట్యా ప్రశంసనీయమే గానీ మీ 300 అక్కడ సమాధి. విండోస్‌లో ఈథర్‌నెట్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ 100/100 అని ఉంటే ఈ కేసు, 1000/1000 అని ఉంటే నిర్దోషి. వైద్యం ఏమీ లేదు, జాక్ కోసేసి కొత్తది క్రింప్ చేయించడమే. రెడీమేడ్ ప్యాచ్‌కార్డ్ కొన్నా సరే. క్యాట్ 5ఈ చాలు, కొత్తగా లాగించుకునేవాళ్లు క్యాట్ 6 వేయించుకోండి.

ఇక రౌటర్ నివాసం సంగతి. ఈ అంశంపై మన ఇళ్లలో ఉన్న ఏకాగ్రత మరే విషయంలోనూ కనబడదు. రౌటర్ ఎవరి కంటా పడకూడదు. ఫైబర్ గుమ్మం దగ్గర ఇంట్లోకి దిగుతుంది కాబట్టి కూకట్‌పల్లిలోనైనా గుంటూరులోనైనా ఫ్లాటుల్లో దాని మొదటి నివాసం చెప్పుల స్టాండు పై అర. అక్కడినుంచి సగం సిగ్నల్ కారిడార్‌కు, మెట్లకు, పక్క ఫ్లాటువాళ్ల పూజగదికి పంపిణీ అవుతుంది. అనర్హులకు లబ్ధి అంటే ఇదే. కొందరు దాన్ని టీవీ వెనక దాస్తారు. టీవీ వెనక ఉండేది ఓ పెద్ద రేకు. కొందరు అటక మీద పెడతారు, మే నెలలో ఆ అటక మీద మామిడికాయలు పెడితే ముగ్గిపోతాయి. దుమ్ము పడకుండా క్రోషే గుడ్డ కప్పినవారూ లేకపోలేదు. వేడెక్కిన రౌటర్ తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది, లేదా తానే ఆరిపోయి వెలుగుతుంది.

వాస్తు ప్రకారం ఈశాన్యంలో బరువు ఉండరాదని రౌటర్‌ను నైరుతి గదికి తరలించిన ఇళ్ల మీద ప్రత్యేక నివేదిక అవసరం. ఎందుకంటే అదే వాస్తు ప్రకారం బీరువా కూడా నైరుతిలోనే ఉంటుంది. ఆరడుగుల ఇనుప పలక, దానికి నిలువుటద్దం. అద్దం వెనక పూత కూడా లోహమే. రేడియో తరంగానికి ఇంతకన్నా చిక్కని గోడ కట్టాలంటే ఇంజినీరు కావాలి, మనవాళ్లు పురోహితుడితోనే కట్టించేశారు.

గోడల రేటు కూడా తెలుసుకోవాలి. సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో ఉంటుంది. ప్రతి 3 డీబీ తగ్గినప్పుడూ శక్తి సగమవుతుంది, 10 తగ్గితే పదో వంతు. మైనస్ 50 దివ్యంగా ఉన్నట్టు. మైనస్ 67 దాకా వీడియో కాల్ నడుస్తుంది. మైనస్ 75 దాటితే దేవుడే దిక్కు. మైనస్ 50కీ మైనస్ 70కీ మధ్య తేడా చూడ్డానికి ఇరవయ్యే, శక్తిలో వంద రెట్లు. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడను తరంగం ఓర్చుకుంటుంది, తొమ్మిది అంగుళాల గోడ దగ్గర నీరసిస్తుంది, ఇనుప చువ్వల స్లాబు దగ్గర చేతులెత్తేస్తుంది. నీళ్లున్నదేదైనా తాగేస్తుంది: అక్వేరియం, డ్రమ్ము, పండక్కి వచ్చి హాల్లో కూర్చున్న పాతికమంది బంధువులు. 2.4 గిగాహెర్ట్జ్ గోడలను కాస్త దాటుతుంది, 5 గిగాహెర్ట్జ్ వేగంగా పోతుంది గానీ గోడంటే భయం. ఫోనులో గీతలు నిండుగా ఉన్నాయని మురిసిపోవద్దు, అవి 2.4వి అయి ఉండొచ్చు. వైఫై పేరు మీద నొక్కి వివరాలు తెరిస్తే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో లింక్ స్పీడు, ఫ్రీక్వెన్సీ రెండూ కనిపిస్తాయి. సాక్ష్యం అక్కడుంది.

ఉండాల్సిన చోటు ఒక్కటే: ఇంటి నడిమధ్యన, అయిదారడుగుల ఎత్తున, బహిరంగంగా, చుట్టూ జానెడు ఖాళీ వదిలి. యాంటెన్నాలు నిలువుగా ఉంటే తరంగం పక్కలకు పరుచుకుంటుంది, యాంటెన్నా మొన గురిపెట్టిన వైపు అన్నిటికన్నా తక్కువ వస్తుంది. కాబట్టి మొనను పడకగది వైపు తిప్పి "ఇప్పుడు చూడరా" అని అరవడం వల్ల ప్రయోజనం తిరగబడుతుంది. డ్యూప్లెక్సు అయితే మెట్ల దగ్గర పెట్టి ఒక యాంటెన్నా అడ్డంగా వాల్చాలి.

తదుపరి అంశం, చానెళ్ల కేటాయింపు. 2.4 గిగాహెర్ట్జ్‌లో మొత్తం ఉన్న స్థలం 83.5 మెగాహెర్ట్జ్. అందులో 13 చానెళ్లు కాగితం మీద ఉన్నా, ఒకదాని కాలు ఒకటి తొక్కకుండా నిలబడగలిగేవి మూడే: 1, 6, 11. ఓ అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో ఫోను తీసి వెతికితే ఇరవై పేర్లు తగులుతాయి, అందులో సగం దేవుళ్ల పేర్లు, సగం "పాస్‌వర్డ్ అడగొద్దు". అందరూ ఆరో చానెల్‌లో ఉన్నారని ఓ తెలివైనవాడు 3 ఎంచుకుంటాడు. ఒకే చానెల్‌లో ఉన్నవాళ్లు ఒకరి మాట ఒకరు విని వంతులవారీగా మాట్లాడుకుంటారు. మూడులో ఉన్నవాడు ఒకటివాళ్లకూ ఆరువాళ్లకూ అర్థం కాని గోల. అందరినీ చెడగొట్టి తానూ చెడతాడు. అంతకన్నా దిట్ట ఒకడుంటాడు, 2.4లోనే వెడల్పు 40 పెట్టి సగం బజారు ఆక్రమిస్తాడు. ఇక్కడ వెడల్పు 20 మాత్రమే పెట్టాలి. 12, 13 చానెళ్లు మన దేశంలో ఎవరూ కాదనరు గానీ, అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిచ్చిన ల్యాప్‌టాప్‌కు అవి కనబడకపోవచ్చు, అక్కడి పరికరాలు చాలావాటికి 11తో లోకం అయిపోతుంది. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఈ 2.4 లోనే పనిచేస్తుంది. పాప్‌కార్న్ పేలుతున్నంతసేపు మీటింగులో బాసు మాట తెగిపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇదిలా ఉండగా 2018 అక్టోబరులో కేంద్రం 5 గిగాహెర్ట్జ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు అక్కర్లేకుండా వదిలిపెట్టింది. 83.5లో కాలనీ అంతా కిక్కిరిసి ఉంటే, 605 దాదాపు ఖాళీగా పడి ఉంది. పథకం ఉంది, నిధులున్నాయి, దరఖాస్తు చేసేవాడే లేడు. ఎందుకంటే రౌటర్‌లో రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి ఉంటుంది, ఫోను ఏదో ఒకసారి వంటింట్లో 2.4 పట్టుకుంటుంది, తర్వాత రౌటర్ ముందుకొచ్చి కూర్చున్నా వదలదు. రెండింటికీ వేరు వేరు పేర్లు పెట్టండి. టీవీ, ల్యాప్‌టాప్, ఫోన్లు 5కి. స్మార్ట్ బల్బులు, కెమెరాలు, వెనక పెరట్లో మోటారు స్విచ్చు 2.4కి. 5లో వెడల్పు 80 పెట్టుకోవచ్చు. చానెల్ 36 నుంచి 48 లోపు, లేదంటే 149 నుంచి పైవి మేలు. మధ్యలోని 52 నుంచి 144 వరకు రాడార్లకు దారి వదలాల్సిన చానెళ్లు. అక్కడ చేరేముందు రౌటర్ కనీసం ఒక నిమిషం చెవొగ్గి వినాలి, రాడార్ వినబడితే వెంటనే ఖాళీ చేయాలి. విమానాశ్రయాల చుట్టుపక్కల వైఫై అప్పుడప్పుడు ఉన్నట్టుండి మాయమై తిరిగి రావడం వెనక ఒక్కోసారి రహస్యం ఇదే.

ఆఫ్ చేసి ఆన్ చేస్తే రెండు రోజులు ఎందుకు బాగుంటుందన్న ప్రశ్నకూ ఇక్కడే జవాబుంది. చాలా రౌటర్లు చానెల్ ఆటోలో ఉంటే, లేచేటప్పుడే చుట్టూ చూసి ఖాళీది పట్టుకుంటాయి. తర్వాత పక్కింటివాళ్ల రౌటర్ అదే చానెల్‌కు వచ్చి కూర్చున్నా ఇది కదలదు. పైగా వేడి తగ్గుతుంది, నిండిపోయిన కనెక్షన్ల పట్టిక ఖాళీ అవుతుంది. జ్వరానికి పారాసిటమాల్ పనిచేయదని ఎవరూ అనలేదు. జ్వరం ఎందుకొస్తోందో చూడమన్నారు, అంతే.

పాత రౌటర్ వాడేవాళ్లు సెక్యూరిటీ సెట్టింగులో టీకేఐపీ (వైఫైకి తాళం వేసే పాత పద్ధతి) అని ఉందేమో చూడాలి. ఉంటే ఎంత కొత్త ఫోనైనా 54 ఎంబీపీఎస్ లంకె దాటదు. కొత్త తాళం డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెడితే ఆ శాపం తీరుతుంది. తాతగారి పాత ట్యాబ్ మూలగదిలో బలహీనంగా పట్టుకుని వేలాడుతున్నా అందరికీ నష్టమే. గాలిలో ఒకసారి ఒకరే మాట్లాడాలి. కొత్త ఫోను కన్నుమూసి తెరిచేలోపు ముగించే ప్యాకెట్‌ను అది నత్తనడకన, ఎన్నో రెట్లు ఎక్కువ సేపు మాట్లాడుతుంది. మిగతావాళ్లు నోరు మూసుకుని వంతు కోసం ఆగాలి. శాసనసభ సమావేశాలు చూసేవారికి వేరే వివరణ అక్కర్లేదు.

ఈ దశలో దళారి ప్రవేశిస్తాడు. పేరు రిపీటర్. ప్లగ్గులో గుచ్చితే చాలు, మూలమూలకూ వైఫై అని పెట్టె మీద రాసి ఉంటుంది. దళారి అన్నాక కమీషన్ ఉంటుంది, ఇతగాడిది సగం. ఒకే రేడియోతో విని, అదే రేడియోతో తిరిగి చెప్పాలి కాబట్టి ప్రతి మాటా గాలిలో రెండుసార్లు పలకాలి. అంతకన్నా ఘోరం, దాన్ని సిగ్నల్ అస్సలు లేని గదిలో గుచ్చడం. అక్కడికి అందని దాన్ని అది ఎక్కణ్నుంచి తెచ్చి పెడుతుంది? ఇప్పుడు గీతలు నిండుగా, వేగం మూడు. గుచ్చాల్సింది సగం దారిలో, సిగ్నల్ ఇంకా మైనస్ 65 కన్నా బలంగా ఉన్నచోట.

దళారి లేని మార్గం ఉంది. అటక మీద పడేసిన పాత రౌటర్‌ను దించి, దాని సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపేసి, చిరునామా 192.168.1.2గా మార్చి (కొత్తదాని చిరునామా 192.168.1.1 అయితే), కొత్త రౌటర్ ల్యాన్ పోర్టు నుంచి పాతదాని ల్యాన్ పోర్టుకే ఒక కేబుల్ లాగాలి. బయటి లైను కోసం ఉండే వ్యాన్ పోర్టులో గుచ్చితే ఇంట్లో రెండు ప్రభుత్వాలు ఏర్పడతాయి, ప్రింటరు ఒక రాష్ట్రంలో, ఫోను ఇంకో రాష్ట్రంలో. పేరు, పాస్‌వర్డ్ అవే ఉంచి, చానెల్ మాత్రం వేరుగా పెట్టాలి. పాతదాని పోర్టులు వందవైతే ఆ గదిలో 94 దాటదు, నిజమే, కానీ 11 కన్నా ఎనిమిది రెట్లు. మెష్ (ఒకే వైఫైగా పనిచేసే డబ్బాల జట్టు) కొనుక్కునే స్తోమత ఉన్నవారు కూడా వీలైతే ఆ డబ్బాల మధ్య కేబుల్ లాగించాలి. తీగ లేని మెష్ సూటు వేసుకున్న దళారి.

పెళ్లికి వెళ్లొచ్చిన రాత్రి నెట్ ఎందుకు చస్తుందో కూడా ఈ పత్రం గుర్తించింది. ఇంట్లో ఆరు ఫోన్లు, ఒక్కోదాంట్లో తలంబ్రాల 4కే వీడియోలు, వైఫై తగలగానే అన్నీ కలిసి బ్యాకప్ కోసం మబ్బులోకి (క్లౌడ్) ఎక్కడం మొదలెడతాయి. అప్‌లోడ్ దారి నిండిపోతుంది. డౌన్‌లోడ్‌కు కూడా "అందింది" అనే రసీదులు ఆ దారిలోనే పోవాలి, అవి క్యూలో ఇరుక్కుంటాయి. డల్లాస్ నుంచి అమ్మాయి వీడియో కాల్‌లో నోరు తెరిచి అలాగే బిగుసుకుపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు పింగ్ (ఒక పలకరింపు వెళ్లి రావడానికి పట్టే సమయం) కొట్టి చూడండి, అప్‌లోడ్ నడుస్తుండగా మళ్లీ చూడండి. 10 మిల్లీసెకన్లది 300 అయిందంటే ఇదే జబ్బు. రౌటర్‌లో క్యూఓఎస్ (ఎవరికెంత దారో పంచే సెట్టింగు) ఉంటే కొలిచిన వేగంలో 85, 90 శాతానికి పరిమితి పెట్టండి. లేకపోతే బ్యాకప్‌ను ఫోన్లు ఒక్కొక్కటిగా రాత్రిపూట చేసుకోమని సర్దిచెప్పండి, మీకు ఇంట్లో అంత పలుకుబడి ఉంటే.

సైటు పేరును దాని నంబరు చిరునామాగా మార్చే డీఎన్ఎస్‌కు ఎనిమిది ఎనిమిది ఎనిమిది ఎనిమిది అని నాలుగుసార్లు జపిస్తే స్పీడు పెరుగుతుందన్న నమ్మకం గురించి: పెరగదు. సైటు పేరు వెతికే ఆ తొలి క్షణం కాస్త తగ్గొచ్చు, అంతవరకే. అడాప్టర్ సంగతి మాత్రం నిజం. 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టర్ పాడైతే, సెట్‌టాప్ బాక్సుది ఏదో దూరిందని అర ఆంపియర్‌ది గుచ్చితే, ఎక్కువమంది వాడుతున్నప్పుడల్లా రౌటర్ స్పృహ తప్పుతుంది. అన్‌లిమిటెడ్ అన్న ప్లానుల్లో చాలావాటికి నెలకు 3300 జీబీ అనే లిమిట్ ఉంటుంది. అది దాటాక వేగం నాలుగైదుకు, ఒక్కోచోట ఇంకా కిందికి పడుతుంది. నెలాఖరులోనే నెమ్మదిస్తుంటే రౌటర్‌ను తిట్టేముందు యాప్‌లో వాడకం చూడండి.

పైవాళ్ల తప్పని కేబుల్ పరీక్షలో తేలినవారికి చట్టం దారి చూపింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం కంపెనీ ఫిర్యాదు కేంద్రానికి చెప్పి డాకెట్ (ఫిర్యాదు) నంబరు తీసుకోవాలి, పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వెళ్లాలి, ఆయన 39 రోజుల్లో తేల్చాలి. కేబుల్‌తో కొలిచిన ఫలితాలు తేదీ, వేళతో సహా, ఆప్టికల్ పవర్ అంకెతో సహా జతచేస్తే కేసు నిలబడుతుంది. మంచం మీది 11ను జతచేస్తే నిలబడదు. పైగా 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్‌కు కొత్త నిర్వచనమిచ్చింది: కనీసం 2 ఎంబీపీఎస్. అంతకుముందు 512 కేబీపీఎస్ ఉండేది. ఆ నిర్వచనం దృష్టిలో మీ వెనక పడకగదిలో ఉన్నది అయిదు రెట్లకు పైగా ఘనమైన బ్రాడ్‌బ్యాండ్.

తుది సిఫార్సు కింద పదిహేను మీటర్ల క్యాట్ 6 తీగ, రెండు డజన్ల క్లిప్పులు, చెప్పుల స్టాండు నుంచి హాలు మధ్య గోడ దాకా ఒక ఆదివారం పూట పని ప్రతిపాదించడమైనది. దీనిపై కుటుంబ అఖిలపక్షం సమావేశమైంది. నెట్‌ఫ్లిక్స్ వాడు తన 4కే సినిమాకే 15 ఎంబీపీఎస్ చాలంటున్నాడని, ఇల్లంతా కలిపి వాడినా వంద దాటదని అంకెలు సభ ముందుంచారు. సభ్యులు అంకెలను ఆమోదించారు. అయితే కొత్తగా వేయించిన పుట్టీ మీద తీగ కనబడుతుందని అమ్మ, హాలు మధ్యలో ఆ కొమ్ముల డబ్బా ఏమిటని అత్తయ్య, గోడకు మేకు కొట్టడానికి వీల్లేదని నాన్నగారు అభ్యంతరం తెలిపారు. సిఫార్సును పరిశీలన నిమిత్తం పక్కనపెట్టి, 500 ప్లానుకు మారాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. మరుసటి రోజు వెనక పడకగదిలో 11 వచ్చింది. కొత్త బిల్లు మాత్రం 18 శాతం జీఎస్టీతో సహా, ఏ గోడకూ తగలకుండా, నాన్నగారి ఫోనుకు నిండుగా చేరింది.